గృహగోష్ఠి: పూర్వపక్షము



పోయిన మాసమున మా యింట నొక వివాదము నడచినది. దానికి మూలము మా తోడికోడలి కుమార్తె గెలుచుకొని వచ్చిన వెండిపూత కప్పు. ఆ పిల్ల విశాఖపట్టణమున న్యాయశాస్త్రము చదువుచున్నది. ఇది కడపటి సంవత్సరము. పలు కళాశాలల విద్యార్థులతో వాదించి, తన జట్టునకు ద్వితీయ బహుమానమును, తనకు వాదనాపటిమకై ప్రశంసాపత్రమును సంపాదించి, సెలవులకు మా యింటికి వచ్చినది. మావారు బడిపంతులు గనుక బహుమానములన్న వారికి మహాప్రీతి. కప్పును తీసికొనిపోయి తమ పుస్తకముల బీరువాపై నిలిపిరి.

మా యత్తగారు మాత్రము కప్పువైపు చూడనైన చూడక, “ఏ పక్షమున వాదించితివే?” యని యడిగిరి.

“రెండు పక్షములను, నాయనమ్మా! ఉదయము వాదిపక్షము, మధ్యాహ్నము ప్రతివాదిపక్షము.”

“అందులో నిజ మేది?”

“అది తేల్చుట న్యాయాధిపతుల పని” యని పిల్ల నవ్వినది. అత్తగారు నవ్వలేదు. “ఉదయ మొక మాట, మధ్యాహ్న మొక మాట చెప్పిన వారికి మా కాలమున కప్పు లిచ్చెడివారు కారు” అని జపమాల చేతఁబట్టిరి.

ఈ పోటీని మూట్ కోర్టు అందురు. ఇంగ్లండున న్యాయవాదులను తయారుచేయు ‘ఇన్ను’లలో, విద్యార్థులు పెద్దల యెదుట కల్పిత వ్యాజ్యములను వాదించు నాచారము కొన్ని శతాబ్దములనుండి యున్నది. ఇప్పుడు జరుగు విధము పిల్ల చెప్పఁగా వింటిని. వ్యాజ్యకథ యంతయు ముందుగనే యచ్చువేసి పంపుదురు. అందలి సంగతులను మార్చరాదు, సాక్షులను పిలువరాదు, తగవంతయు శాస్త్రముమీదనే. ప్రతి జట్టును ఉభయపక్షములకును వ్రాతమూలకముగ వాదములు సిద్ధపఱచి, పిదప నిలిచి నోటితో వాదింపవలెను. న్యాయపీఠముపై కూర్చున్నవారు మాట సాగనీయరు. నడుమ నడుమ ప్రశ్నలతో నడ్డగింతురు. కంఠస్థము చేసిన యుపన్యాసము మూడవ నిమిషమునకే చెదరిపోవునఁట! ఎవరి పక్షము గెలువఁదగినదని కాక, ఎవరు ప్రశ్నకు ప్రశ్నయే యైన యుత్తర మిచ్చిరని గుణము లిత్తురు.

వీనిలో మిక్కిలి పేరువడినది అంతర్జాతీయ న్యాయస్థాన న్యాయాధిపతిగ నుండిన ఫిలిప్ జెస్సప్ గారి పేర 1960లో నారంభమైన పోటీ. రెండు కల్పిత రాజ్యములు హేగ్ నగరమందలి న్యాయస్థానము నెదుట తగవులాడుచున్నట్లు అందు వాదింతురు. బెంగుళూరు జాతీయ న్యాయకళాశాల విద్యార్థులు 1999లోను, మరల 2013లోను దేశదేశముల జట్లను దాటి ఆ విజయమును తెచ్చిరి. 2008 నాటి బార్ కౌన్సిలు నిబంధనలలో మూట్ కోర్టునకు చదువునందే చోటు కల్పించిరి గాన, నేడు చిన్న పట్టణపు న్యాయకళాశాలలోని పిల్లయు నిలిచి మాటలాడక తప్పదు. అయిన నీ పోటీలు దాదాపుగ నింగ్లీషుననే జరుగుచున్నవి. మా పిల్ల పదవ తరగతి వరకు తెలుగున చదివినది. మొదటి రెండేండ్లును తన పేరిచ్చుటకే భయపడినదఁట. తర్కము తలలో నుండియు పలుకు బెదరి వెనుక బల్లపై కూర్చుండిన పిల్లలెందరో! రేపు కక్షిదారు వచ్చి తన గోడు చెప్పుకొనునది తెలుగుననే కదా. ఒక్క పోటీయైన తెలుగున పెట్టిన కళాశాలలవారికి నష్టమేమో నాకు బోధపడదు.

అత్తగారి ప్రశ్నను నేను విడువలేదు. బాల్యమున మా నాన్నగారు నాకు తర్కసంగ్రహము చెప్పునపుడు, పూర్వపక్షమును బలహీనముగ నొప్పగించితినేని పుస్తకము మూసివేసెడివారు. ఎదుటివాని మాటను వానికంటె చక్కగ చెప్పఁజాలని వానికి సిద్ధాంతము చేయు నధికారము లేదనెడివారు. మన భాష్యకారులందఱును నడచిన త్రోవ యదియే. తత్త్వము తెలియుటకు చేయునది వాదము, గెలుపే కోరి చేయునది జల్పము, తన పక్షమేదియు లేక పరులను ఖండించుట వితండ యని గౌతముని న్యాయశాస్త్రము విడఁదీసినది. పిల్ల చేసినది వీనిలో నేదియని యడిగినచో, కప్పుకొఱకు గనుక కొంత జల్పమే యని నే నొప్పుకొందును. కాని పూర్వపక్షమును నేర్చినది గదా.

ఈ మాట అత్తగారితో ననుచు, కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్నను జ్ఞప్తి చేసితిని. ముందు తన్నోడిన భర్తకు తన్ను పణముగ నొడ్డు నధికారమున్నదా యని యామె యడిగినది. అంతకంటె నిశితమైన న్యాయప్రశ్న యేది? వికర్ణుఁడొక్కడు లేచి యామె పక్షమున వాదించెను.

“వికర్ణునకు ఎవరిచ్చిరమ్మా కప్పు? కర్ణుఁడు కసిరి కూర్చుండఁబెట్టెను” అని యత్తగారు వెంటనే యనిరి. భారతమున వారిని గెలుచుట నా తరము కాదు.

కసిరి కూర్చుండఁబెట్టిన కథలు మన కాలమునకు దగ్గరలోను గలవు. నాసికలో 1866లో జన్మించిన కోర్నీలియా సొరాబ్జీ పూనా దక్కను కళాశాలలో ప్రథమశ్రేణిని పొందినది. ఆ గౌరవమునకు దక్కవలసిన సీమచదువు విద్యార్థి వేతనము, ఆఁడుదియను కారణమున నామెకు దక్కలేదు. కొందరు ఆంగ్లవనితలు చందాలు వేసికొని 1889లో నామెను ఆక్స్‌ఫర్డునకు రప్పించిరి. 1892లో నామె యచట న్యాయశాస్త్రపు పెద్దపరీక్ష వ్రాసిన ప్రథమ స్త్రీ. పట్టము మాత్ర మీయలేదు. మరలివచ్చి 1897లో బొంబాయి ఎల్‌ఎల్‌.బి., 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష గెలిచినను కోర్టు వాకిలి తెఱువలేదు. 1904 నుండి బంగాళమున కోర్ట్ ఆఫ్ వార్డ్సు పక్షమున ఘోషా జమీందారిణుల యాస్తులకు సలహాలు చెప్పుచు కాలము గడపినది. 1921లో అలహాబాదు హైకోర్టు ఆమెను చేర్చుకొన్నది. ఆక్స్‌ఫర్డు పట్టము చేతికి వచ్చినది 1922లో. పరీక్షకును పట్టమునకును నడుమ ముప్పది సంవత్సరములు! స్త్రీలు న్యాయవాదులు కావచ్చునని చట్టము వచ్చుటకు 1923 పట్టినది.

తరువాతి తరమున లీలా సేఠ్ గారు భర్త యుద్యోగరీత్యా లండనులో నున్నపుడు, చంటిబిడ్డను సాకుచు చదివి, 1958లో అచటి బారు పరీక్షలో నందఱికంటె మొదట నిలిచిరి. ఆమె 1978లో ఢిల్లీ హైకోర్టు న్యాయాధిపతియు, 1991లో హిమాచల ప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయాధిపతియు నైరి. మన దేశమున నొక రాష్ట్ర హైకోర్టునకు ప్రధాన న్యాయాధిపతి యైన మొదటి స్త్రీ ఆమెయే.

ఇదంతయు వ్రాయుటకు కారణము కప్పు కాదు. మా బావగారు పిల్లకు సంబంధము చూచిరి. మంచి కుటుంబము, కట్నపు మాట యెత్తలేదు. “పట్టము పుచ్చుకొనవచ్చును, కోర్టునకు మాత్రము పోరాదు” అనునది వారి యొక్క నియమము. పిల్లకు నచ్చఁజెప్పుమని బావగారు నాకు కబురంపి, వెనువెంటనే తామును వచ్చిరి.

ఆ సాయంకాలము పిల్ల తండ్రియెదుట నిలిచి, “నాన్నగారూ, ముందు మీ పక్షము నేనే చెప్పెదను” అనినది. జూనియరుగ నున్నంతకాలము రాబడి యుండదనియు, చెల్లెలి పెండ్లి యున్నదనియు, నాన్నగారికి పింఛను దగ్గరపడినదనియు, కట్నము కోరని యిల్లు మరల దొరకుననుట కల్ల యనియు నొక్కొక్కటిగ విప్పి చెప్పినది. బావగారు నిర్ఘాంతపోయి, “నే నింత చక్కగ చెప్పలేనమ్మా!” యనిరి.

పిమ్మట తన పక్షము చెప్పినది. బార్ కౌన్సిలులో పేరు నమోదు కాని పట్టము వాదించుట కర్హత నీయదనినది. ఆ రుసుము సామాన్యులకు 750 రూపాయలు మించరాదని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పినదనినది. పెండ్లికి తా నడ్డుపడుట లేదనియు, ఈ నియమము వరుని నోటిమాటయో, పెద్దల మాటయో అతనినే యడిగి తెలిసికొనుఁడనియు వేడినది.

జపము చేసికొనుచున్న యత్తగారు కనులు తెఱచి, “జూనియరుగ నున్న ఆ మూడేండ్లును నీకు తిండి యెవరు పెట్టుదురే?” యని యడ్డగించిరి.

పిల్ల తడఁబడినది. పోటీలో నైనచో గుణములు పోయియుండెడివి. కొంతసేపటికి, “దీనికి నా యొద్ద పూర్తి సమాధానము లేదు, నాయనమ్మా” అనినది.

మా యూర మున్సిఫు కోర్టు మా వీధి చివరనే యున్నది. వంటయింటి ప్రక్క గదిలో ధాన్యపు బస్తాలు తీసివేసిన నొక మంచము పట్టును. బావగారి యెదుట నేను మాటాడు నలవాటు లేదు గనుక ఆ మాటను మావారితో చెప్పితిని. వారు గట్టిగనే చెప్పిరి. అత్తగారు కాదనలేదు.

బావగారు రెండు దినములు గడువు కోరిరి. మరునాడుదయము బస్సునకు పోవుచు, బీరువాపైనున్న కప్పును దించి, తువాలులో చుట్టి, సంచిలో పెట్టుకొనిపోయిరి.