కొత్త రాగులు, పాత కుండ

రాయలసీమ నైరృతి కొసన, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున నున్న మదనపల్లె మొదలు, పుంగనూరు మీదుగా, కర్ణాటక తమిళనాడుల సరిహద్దున నిలిచిన కుప్పం దాకా పరచుకొన్న మెట్టనేలకు రాగి తరతరాల కూడు. ఉత్తరాంధ్రలో చోడి అనీ, తెలంగాణలో తైదలనీ పిలిచే ఈ గింజకు ఇక్కడ రెండు రూపాలు ప్రసిద్ధములు: సంగటి, అంబలి. ఊరుబిండితోనో పులుసుతోనో తిన్న సంగటిలో ఏ రాగి అయినా ఒకటిగానే తోచును. గింజ గుణం బయటపెట్టేది అంబలి. పిండిని నీట కలిపి రాత్రంతా పులియనిచ్చి, మరునాడు నూకలతో కాచి, చల్లారిన పిమ్మట మజ్జిగ కలిపి త్రాగే ఆ పానీయంలో లోపం దాచుటకు చోటు లేదు. గింజ పైపొరలోని టానిన్ల వగరు, పులుపు, వాసన అన్నీ నాలుకకు దొరికిపోవును.

ఈ అరువది ఏండ్లలో వచ్చిన క్రొత్త వంగడాలు తక్కువేమీ కావు. మండ్యలో లక్ష్మణయ్యగారు మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి ఇండాఫ్ వంగడాలను సృష్టించిరి. బెంగుళూరు నుండి అగ్గితెగులును తట్టుకొనే జి.పి.యు. 28 వచ్చినది. తిరుపతి దగ్గరి పెరుమాళ్ళపల్లె పరిశోధనా స్థానం వకుళను ఇచ్చినది. విజయనగరం వంగడాలు చంపావతి, వేగావతి, ఇంద్రావతి అని నదుల పేర్లు ధరించినవి. పేరు పెట్టుటలో చూపిన రసికత రుచి చూచుటలోనూ చూపి వుంటే ఎంత బాగుండును!

వంగడాల వివరణలలో దిగుబడి, పంటకాలం, తెగుళ్ళను ఓర్చుకొనే శక్తి ముందువరుసలో నుండును. వానమీద బ్రతికే రైతు మొదట అడిగేవీ అవే. పులిసిన పిండి రుచి ఎట్లుండునో చెప్పే వాక్యం మాత్రం అరుదు. మరొక ప్రక్క, కొత్త రాగుల్లో పస లేదనే తీర్పు ఇండ్లలో సులువుగా వెలువడుచుండును. అదీ న్యాయం కాదు. మిల్లులో అన్ని గింజలూ కలిసిపోవును. పిండి పాతబడి వుండవచ్చును. మే మాసపు రాత్రి పులిసినంత వేగంగా మదనపల్లె చలిలో పిండి పులియదు. నేరం ఋతువుది, శిక్ష విత్తనానికి.

ఈ చిక్కును విప్పుకొన్నవారు వేరొక దేశంలో, వేరొక పానీయం దగ్గర కనిపింతురు. అమెరికాలో ఇంట బీరు కాచుకొనుటకు 1978 నాటి చట్టం దారి తెరచినది. బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చేవి హాప్స్ అనే తీగపూలు. అందులో తెలియని రకం చేతికి వచ్చినప్పుడు అక్కడి వారిలో పలువురు పేల్ ఏల్ అనే లేతరంగు బీరును ఎప్పటివలెనే కాచి, హాప్స్ మాత్రం ఆ ఒక్క రకమే వేయుదురు. తక్కినదేదీ మారదు గనుక మారిన రుచి దేనిదో తెలిసిపోవును. 1972లో విడుదలైన కాస్కేడ్ అనే రకపు పంపరపనస వంటి పరిమళం అట్టి లేత బీరులోనే స్పష్టంగా తెలియును. 1938లోనే మద్యనిషేధం చూచిన చిత్తూరు సీమకు ఈ ఉపమానం రుచించకపోవచ్చును. లైసెన్సు లేక బీరు కాయుట నేటికీ ఇక్కడ నేరమే. పద్ధతిని గ్రహించుటకు పానీయాన్ని గ్రహించనక్కరలేదు. పైగా ఉగాండాలోనూ నేపాలులోనూ రాగితోనే మద్యం చేసేవారున్నారు.

అదే కుండ, అదే నీరు, అదే రాత్రి. రాగి మాత్రం రెండు రకాలు. పుంగనూరు పొట్టి ఆవు పాలు వెన్నకు పేరుపొందినవి. ఒక గిన్నెలో ఆ పెరుగు, మరొకదానిలో ప్యాకెట్టు పెరుగు కలిపితే అది పరీక్షే కాదు. విత్తనసంచితో పాటు కిలో పిండిని కూడా నలుగురు ఇల్లాండ్రకు ఇచ్చి, వారి మాటను దిగుబడి లెక్క ప్రక్కనే అచ్చువేయవలెను. టమోటా రాగిచేలను చాలవరకు త్రోసివేసిన సీమ ఇది. నాలుకకు నచ్చని రాగి అమ్మకానికే పండును. ఇంట బియ్యం కూర్చుండును. 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం గల గింజను, పులియబెట్టినప్పుడు తనలోని ఇనుమును శరీరానికి మరింత సులువుగా అందించే గింజను, ఆ విధంగా పోగొట్టుకొనుట చిన్న నష్టం కాదు.

సరిహద్దు ఊరు గనుక కుప్పంలో బెంగుళూరు వంగడాన్నీ తిరుపతి వంగడాన్నీ ప్రక్కప్రక్కన పులియబెట్టుట కష్టం కాదు. తెల్లరాగిని కూడా ఆ వరుసలో చేర్చవలెను. టానిన్లు తక్కువ గనుక దానికి వగరు తగ్గును. ఆ వగరు లేనిదాన్ని అక్కడి ముసలివారు అంబలి అందురో, అనరో వినదగిన విషయం.