40 దాటితేనే ఫ్రీ హెల్త్ చెకప్.. మరి 30 ఏళ్ల ఐటీ ఉద్యోగి సంగతేంటి?

ప్రైవేట్ ఉద్యోగి ఆరోగ్యం ఎవరి బాధ్యత? ఉద్యోగిదా, కంపెనీదా, ప్రభుత్వానిదా? పెద్ద కంపెనీలు జిమ్, యోగా క్లాసులు, కౌన్సెలింగ్ అంటూ ఏదో ఒకటి ఇస్తున్నాయి. చిన్న కంపెనీల్లో చాలాచోట్ల అదీ లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు ఈ ప్రశ్నకు కొంతవరకు జవాబిచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏడాదికోసారి ఉచితంగా హెల్త్ చెకప్ చేయించాలన్నది అందులో ముఖ్యమైన పాయింట్. ఖర్చు యజమానిదే.

వినడానికి బాగానే ఉంది. కానీ అసలు సమస్య 40 దగ్గర మొదలవుతోందా?

హైదరాబాద్ చెబుతున్న లెక్క

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులపై చేసిన అధ్యయనం 2025లో పబ్లిష్ అయింది. వారిలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉన్నట్టు తేలింది. గంటల తరబడి కూర్చోవడం, ఒత్తిడి, నిద్ర సరిగా లేకపోవడం లాంటివి కారణాలుగా చెప్పారు. ఇది ఒక్క సిటీలో, కొద్దిమందిపై చేసిన స్టడీ. దేశం మొత్తానికీ ఇదే లెక్క అనుకోకూడదు. అయినా ఐటీలో 20ల్లో, 30ల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. ఫ్యాటీ లివర్ చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే ముదురుతుంది. పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది. 40 దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ప్రభుత్వం ఇస్తున్నదెంత?

నెల జీతం 21 వేల రూపాయల వరకు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 40 దాటిన వారికి ముందస్తు పరీక్షలను ఈఎస్ఐసీ 2021లోనే పైలట్‌గా మొదలుపెట్టింది. అందులో హైదరాబాద్ కూడా ఉంది. అయితే 2017లో పెట్టిన 21 వేల పరిమితి, కొత్త కోడ్‌లు వచ్చేనాటికీ మారలేదు. జీతం అంతకు కాస్త పెరిగినవాళ్లు ఈఎస్ఐకి దూరమై, కంపెనీ ఇన్సూరెన్స్ మీదే ఆధారపడాల్సి వస్తోంది.

అక్కడ మరో మెలిక. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలపై జీఎస్టీ ఎత్తేశారు. ఉద్యోగుల కోసం కంపెనీలు తీసుకునే గ్రూప్ పాలసీలకు మాత్రం ఆ మినహాయింపు దక్కలేదు. పెద్ద కంపెనీకి ఇది పెద్ద లెక్క కాదు. 15 మందితో నడిచే చిన్న ఆఫీసుకు మాత్రం భారమే.

ఒకవైపు చెకప్.. మరోవైపు 10 గంటలు

తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పనికి అనుమతిచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి. ఏపీ కూడా 10 గంటల వైపే అడుగేసింది. వారం లెక్క మారలేదు కదా అన్నది ప్రభుత్వాల వాదన. కానీ 10 గంటల డ్యూటీకి ట్రాఫిక్‌లో రెండు గంటలు కలిస్తే, వాకింగ్‌కు, నిద్రకు మిగిలేదెంత? ఏడాదికి ఒకరోజు చెకప్ చేసి, మిగతా రోజుల పనితీరును వదిలేస్తే ఉపయోగం ఉండదు.

రిపోర్ట్ ఎవరి చేతికి?

ఇంకో భయం కూడా ఉంది. షుగర్, బీపీ, డిప్రెషన్ వివరాలు హెచ్‌ఆర్‌కి తెలిస్తే ప్రమోషన్ పోతుందేమోనని చాలామంది టెస్టులకే వెనకాడతారు. జపాన్‌లో 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థల్లో ఏటా స్ట్రెస్ చెక్ 2015 నుంచి తప్పనిసరి. కానీ ఫలితం నేరుగా ఉద్యోగికే వెళ్తుంది. ఉద్యోగి ఒప్పుకోకుండా కంపెనీ దాన్ని చూడకూడదు. మన దగ్గరా ఇలాంటి స్పష్టత కావాలి.

ఇక బాల్ రాష్ట్రాల కోర్టులోనే!

చాలా ప్రైవేట్ సంస్థలకు రూల్స్ రాయాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలే. ఏయే టెస్టులు చేయాలి, రిపోర్ట్ ఎవరికివ్వాలి, వయసు తగ్గించాలా, చిన్న కంపెనీలకు సాయం చేయాలా అన్నది అక్కడే తేలాలి. లివర్, షుగర్ టెస్టులు లేకుండా బరువు, బీపీ చూసి సంతకం పెట్టించుకుంటే ఫ్రీ చెకప్ ఫైల్‌లో కాగితంగానే మిగిలిపోతుంది.

అప్పటిదాకా ఒత్తిడితో ఇబ్బంది పడేవాళ్లు టెలి మానస్ నంబర్ 14416కు కాల్ చేయొచ్చు. కౌన్సెలింగ్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. 40 దాటినవాళ్లు మాత్రం 'ఈ ఏడాది చెకప్ ఎప్పుడు?' అని హెచ్‌ఆర్‌ని అడగడం మర్చిపోవద్దు.