పతాకదినము

కోయంబత్తూరునుండి నీలగిరులకు పోవు దారిలో కారమడై కలదు. రంగనాథస్వామి తేరుత్సవమునకు పేరుగన్న ఆ యూరను, పరిసర గ్రామములందును తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఆ దారియే మేట్టుపాళయము, కూనూరు మీదుగా మద్రాసు రెజిమెంటు కేంద్రమగు వెల్లింగ్టనుకు చేరును. సైన్యమున చేరు యువకులనేకులు వారి వాకిళ్ల ముందునుండియే కొండ నెక్కుదురు.

2021 డిసెంబరు 8న సూలూరునుండి వెల్లింగ్టనుకు బయలుదేరిన హెలికాప్టరు కూనూరు చెంత కూలెను. త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ మొదలుగా పదుముగ్గురానాడే మరణించిరి. మరియొకరు వారము దినములకు అసువులు బాసిరి. అప్పటి చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ వారిలో నొకరు. అంతకు ముందుదినమే సాయుధదళముల పతాకదినము. చొక్కాకు గుచ్చుకొన్న చిన్నజెండాను తీసి పెట్టెలో వేయకమునుపే దాని యర్థము తెలుగువారికి బోధపడినది.

ఆంగ్లేయుల పాలనలో నవంబరు 11న, అనగా 1918 నాటి యుద్ధవిరమణ దినమున, కాగితపు గసగసాల పూలనిచ్చి మాజీ సైనికులకై చందాలు పోగుచేయుచుండిరి. స్వతంత్రభారతము తన దినమును తానే యేర్పరచుకొన్నది. 1949 ఆగస్టు 28న రక్షణమంత్రి క్రింది సంఘము డిసెంబరు 7ను నిర్ణయించెను. జెండాలోని ఎరుపు, ముదురునీలము, లేతనీలము మూడుదళములకు గుర్తులు. యుద్ధమున నష్టపోయినవారి పునరావాసము, సేవలోనున్నవారి క్షేమము, మాజీ సైనికుల జీవనోపాధి: ఇవియే దాని ధ్యేయములు. స్తుతికంటె పోషణయే ఈ దినమునకు మూలమని దీనివలన స్పష్టము.

ప్రభుత్వమే పింఛను నిచ్చుచుండగా మన చందా యెందుకని కొందరందురు. ప్రభుత్వ మీయవలసినది ప్రభుత్వమే యీయవలెను; ప్రజల చందా దానికి బదులు కారాదు. కాని కాగితములు కదలుటకు నెలలు పట్టినప్పుడు ఆ యింటికి తోడు నిలుచు వారెవరు?

చెన్నపట్టణమున సముద్రతీరపు విజయయుద్ధ స్మారకము మీదుగా కచేరీలకు పోవు తెలుగు విద్యావంతులను మేమొకటి కోరుచున్నాము. రాతిపై పూలుంచుట తగినదే. అంతటితో ఋణము తీరదు. న్యాయవాది యొక దరఖాస్తు వ్రాసిపెట్టవచ్చును. వైద్యుడు రుసుము లేక చూడవచ్చును. ఉపాధ్యాయుడు తండ్రిలేని బిడ్డకు చదువు చెప్పవచ్చును. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున కేగి, తమ సహాయ మెవరికి కావలయునో విచారింపవచ్చును. పోరున పడినవాడును, విధినిర్వహణమున ప్రమాదమునకు లోనైనవాడును ఒకే ప్రతిజ్ఞ చేసినవారు. వారి యిండ్లలో దుఃఖమును ఒక్కటే. జెండా ఒకనాటిది, ఆ యింటి యక్కర యేడాది పొడుగునను ఉండును.