పావగడ తాలూకా వాసులకు పాదములను గూర్చి విజ్ఞప్తి

మన పావగడ సీమలో కాలు నొచ్చుచున్నదన్నవానికి సమాధానము ఎల్లప్పుడును సిద్ధముగనే యుండును: "ఈ నీళ్లు తాగేవాళ్లకు కాళ్లు నొయ్యకుండ ఎట్లుంటాయి సామీ!" బోరుబావులలోని ఫ్లోరైడు మన పెద్దల కీళ్లను, పిల్లల పండ్లను పాడుచేసినమాట నిజమే, ఆ దుఃఖమును తక్కువచేసి పలుకుటకు నాకు నోరు రాదు. కాని ప్రతి కాలినొప్పిని నీటి నెత్తిన వేసి యూరకుండుట వలన, నీటితో నిమిత్తమే లేని వేరొక వ్యాధి, రక్తనాళములు లోలోపల పూడుకొనిపోవు వ్యాధి, మన కండ్లయెదుటనే మనవారి కాళ్లను హరించుచున్నది.

నాగలమడక వైపు వేరుసెనగ పండించు రైతొకడు గలడు. పొలము గట్టు సగము నడచునప్పటికి అతనికి పిక్క పట్టివేసెడిది. గట్టుమీదనే కూలబడి బీడీ ముట్టించెడివాడు. అది కాలి ముగియులోపల నొప్పి సర్దుకొనెడిది. లేచి నడచినచో సరిగా అంత దూరమునకే మరల పట్టుకొనెడిది. ఉపశమనమిచ్చినదని అతడు నమ్మిన ఆ బీడీయే తన నాళములను బిగించుచున్నదని అతనికి చెప్పినవారు లేరు. షుగరున్న సంగతి మాత్రమెరుగును. తుదకు బొటనవ్రేలికి తుమ్మముల్లు దిగి, పుండై, నల్లబడి, పసరుకట్లతోను వేడినీళ్ల కాపడముతోను నెలలు గడచిన పిమ్మట, మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చినది. అన్ని నెలలలో ఇంటివారు గాని, ఇరుగుపొరుగువారు గాని, మందిచ్చినవారు గాని ఆ మీగాలిపై ఒక్కమారైన వ్రేలుంచి నాడి యాడుచున్నదో లేదో చూచిరా?

ఆ నాడిని చూచుట గొప్ప విద్య కాదు. బొటనవ్రేలిని పైకెత్తినపుడు మీగాలిపై ఉబ్బి కనబడు నరమునకు వెలుపలి ప్రక్కన ఒక చోటను, లోపలి చీలమండకు వెనుక మరియొక చోటను అది తగులవలెను. తగులలేదన్న మాత్రమున భయపడ పనిలేదు గాని, వైద్యునికి చూపి తీరవలెను. చేతికి చూచినట్లే చీలమండ దగ్గరను రక్తపు పోటును చూచి, కాలి సంఖ్యను చేతి సంఖ్యతో భాగించినపుడు 0.9 కంటె తక్కువ వచ్చినచో, నాళము ఇరుకైనదని వైద్యులు గ్రహింతురు. కీళ్లనొప్పి కూర్చుండి లేచునపుడే కలుక్కుమనును. నాళపు నొప్పి నడకతో పుట్టి, నిలిచినంతనే అణగును. ఇక షుగరు వలన స్పర్శయే చచ్చిన పాదమునకు ఆ హెచ్చరికయు నుండదు: ముల్లు దిగినను, వేసవిలో బండ కాల్చినను, కాపడపు నీరు బొబ్బలెక్కించినను తెలియదు.

ఇదంతయు చికిత్స లేని వ్యాధియై యుండినచో నేనింత మొరపెట్టుకొనను. 1964లో అమెరికాలో చార్లెస్ డాటర్ అను వైద్యుడు, కాలు తీయించుకొననని భీష్మించిన 82 ఏండ్ల వృద్ధురాలి తొడనాళములోనికి సన్నని గొట్టములు పంపి, ఇరుకును విప్పి, ఆ కాలిని నిలిపెను. అరువదేండ్ల నాడు అక్కడి వృద్ధురాలికి దక్కినది మన రైతునకు ఏల దక్కలేదు? నేడా విద్య బెంగుళూరున గలదు. తొలిదశలో నైనచో బీడీ మానుట, వైద్యుడు చెప్పిన మాత్రలు, క్రమముగా నడచుట, ఇవియే పెక్కుమందికి మేలుచేయును. కాని కాలు నల్లబడిన తరువాత బయలుదేరిన వారికి ఏ విద్య మాత్రమేమి చేయగలదు? అకస్మాత్తుగా కాలు చల్లబడి, పాలిపోయి, భరింపరాని నొప్పి పుట్టినచో అది నాళమున గడ్డ అడ్డుపడిన సూచన. దానికి గడువు సుమారు 6 గంటలు. మనకు తుమకూరే దాదాపు 100 కిలోమీటర్లు. తెల్లవారనిమ్మని కూర్చుండుట కాలిని చేతులార పోగొట్టుకొనుట.

కంటి శిబిరమనగానే బారులు తీరెదరు. శనిమహాత్ముని దర్శనమునకు ఎండలో గంటలకొలది నిలిచెదరు. పాదములు చూపుడనగానే సిగ్గుపడి చెప్పులైన విడువరు! పెద్దమనుష్యుని యెదుట కాలు చాపరాదన్న మర్యాద మంచిదే గాని, వైద్యుని యెదుట ఆ మర్యాద ఏ పాటి మేలుచేయును? స్పర్శ లేని పాదమునకు మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు వేయించుట, దినమును కడిగి, నూనె రాచి, పగుళ్లను వెదకుట కుష్ఠరోగుల సేవలో ఈ దేశమెరిగిన పద్ధతులే. ఆ సేవలో మన పట్టణములోని శ్రీ రామకృష్ణ సేవాశ్రమము పేరుగన్నది. అట్టి ఊరిలో షుగరున్నవాడు అరిగిన హవాయి చెప్పులతో, వానికిని నోచుకొనక వట్టికాళ్లతో, పొలమునకు పోవుట చూచి సహింపలేక ఇది వ్రాయుచున్నాను.

2005లో ప్రపంచ మధుమేహ దినమును పాదరక్షణకే అంకితము చేసిన సమయమున, లోకమునందు ప్రతి 30 సెకండ్లకొక కాలు మధుమేహము వలన పోవుచున్నదని వైద్యులు చాటిరి. మీగాలిపై నాడి చూచుటకును అంతకంటె ఎక్కువ కాలము పట్టదు. ఆశా కార్యకర్తలారా, ఉపాధ్యాయులారా, వై.యన్. హొసకోట మగ్గములవారలారా, ప్రతి గ్రామమున ఇద్దరైనను ఈ పరీక్ష నేర్చుకొనుడు. చెప్పులు కుట్టువారలారా, మెత్తని అట్టలు వేయుటకు ముందుకు రండు. వాని ఖర్చును భరింపగలవారు వెనుకాడకుడు. షుగరున్నవారును, బీడీ త్రాగువారును వచ్చు మధుమేహ దినమగు నవంబరు 14వ తేదీకి ముందే తాలూకా ఆసుపత్రికి పోయి, చెప్పులు విడిచి, "నా పాదముల నాడి చూడుడు" అని వైద్యుని అడుగుడు.