తూటా నింపుట వినోదమా?

అమెరికాలో కొందరు కాల్చిన తూటాగుల్లలలో మరల మందును, గుండును నింపుకొని వినోదించుచున్నారు. మన రాయల్పాడు యువకులేల నేర్వరాదని కొందరు మమ్మడుగుచున్నారు. మేము ఒప్పుకొనము.

అచ్చటి చట్టము వేరు. ఇచ్చట 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరము; 2019 సవరణతో శిక్ష 7 సంవత్సరములకు తగ్గదు, యావజ్జీవమునకును పోవచ్చును. అంతకన్న ముఖ్యము ప్రాణము: మందు మిక్కుటమైన గొట్టము పగులును, తక్కువైన గుండు గొట్టములోనే చిక్కి, మరుదెబ్బకు పగులును. తప్పు కొలతలోనిది, పోవునది కన్ను.

కోలారు బంగారు గనులలో 3 కిలోమీటర్లకు మించిన లోతున రాతిని పేల్చిన మన పెద్దలు మందును ఆటవస్తువుగా నెంచలేదు. సర్టిఫికెట్టు లేనివాడు దానిని పేల్చరాదు. 2001లో ఆ గనులు మూతపడినవి. ఆ కట్టుబాటు మూతపడరాదు. గురి నేర్వగోరువారు రైఫిల్ క్లబ్బునకు పోవుదురుగాక!