నక్కో బోలో అంటే కోపమెందుకు?



పోయిన నెల నంద్యాలలో ఒక వలీమాకి వెళ్ళి కారులో కర్నూలు తిరిగొస్తున్నాం. ముందు సీట్లో మా ఖాలూ. రిటైర్డ్ టీచర్, మజాక్ లేనిదే పొద్దుపోదు ఆయనకి. దావత్‌లో మీఠా చిన్న చిన్న కప్పుల్లో ఇచ్చారట, అదీ ఆయన షికాయత్. "పింజారీ బుద్ధి ఎక్కడికి పోతుంది!" అన్నారు. ఆ పెళ్ళివాళ్ళు పింజారీలు కారు. పిసినారి అనడానికి ఆయనకి అలవాటైన తిట్టు, అంతే.

వెనక సీట్లోంచి ఇంటర్ చదివే మా అమ్మాయి మెల్లగా, "నానా, వో లఫ్జ్ నక్కో బోలో" అంది.

ఖాలూ మొహం మాడిపోయింది. "అబ్ జబాన్ కో భీ తాలా డాల్నా క్యా?" అని మొదలుపెట్టి కర్నూలు వచ్చేదాకా వదల్లేదు. ఈ పొలిటికల్ కరెక్ట్‌నెస్ హద్దు దాటిందన్నారు. తమ జమానాలో అందరూ అన్నీ అనుకునేవాళ్ళు, ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కాదు, ఇప్పటి పిల్లలకి చర్మం పల్చన అన్నారు. నేను స్టీరింగ్ పట్టుకుని చుప్‌గా కూర్చున్నాను. ఆ చుప్పీ గురించే ఈ నాలుగు మాటలు.

ఖాలూ చెప్పిందంతా గలత్ కాదు. మాట జారినవాణ్ణి కోర్టుకి ఈడ్చాలనేవాళ్ళతో నాకూ పడదు. 2025లో సుప్రీంకోర్టు తేల్చిన జార్ఖండ్ కేసు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఫిర్యాదు చేసినాయన ప్రభుత్వ ఆఫీసులో ఉర్దూ ట్రాన్స్‌లేటర్, సమాచార హక్కు దరఖాస్తులు చూసే గుమాస్తా కూడా. కాగితాలు ఇవ్వడానికి వెళ్తే ఎదుటి మనిషి 'మియా-టియా' అనీ, 'పాకిస్తానీ' అనీ తిట్టాడని ఆరోపణ. ఆ మాటలు మర్యాద లేనివే గానీ మత భావాలను గాయపరిచిన నేరం కిందికి రావని కోర్టు చెప్పింది. ఆ వార్త రాసిన పూట నా మనసు చివుక్కుమంది. నాలుగు రోజులు పోయాక ఇంకోలా ఆలోచించాను. మాటకి జైలు అనే కానూన్ ఒకటి గట్టిపడితే అది ముందుగా ఎవరి గల్లీలోకి వస్తుందో మనకి తెలియంది కాదు. పోలీసుల పని వేరు, అదబ్ వేరు.

ఇంకోచోట కూడా ఖాలూతో నాకు ఇత్తెఫాక్ ఉంది. పైనుంచి ఊడిపడే అందమైన పేర్లంటే నాకూ విసుగే. 2015 డిసెంబర్‌లో ప్రధానమంత్రి రేడియోలో వికలాంగులను 'దివ్యాంగ్' అందామన్నారు. మరుసటేడు కేంద్రంలోని ఆ శాఖ పేరులోకి కూడా ఆ మాట ఎక్కింది. వికలాంగుల సంఘాలు కొన్ని మాకిది వద్దని చెప్పాయి, విన్నవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా డెస్క్‌లో ఉన్నవాణ్ణి, ఎన్ని కాపీల్లో ఆ మాట మార్చానో లెక్కలేదు. ఒకసారి కాళ్ళు చచ్చుబడిన ఒకాయన్ని పింఛన్ గురించి అడుగుతుంటే, "నాలో దివ్యమైనదేముంది సార్, ఆ ఆఫీసుకి ర్యాంపు వేయించమని రాయండి" అన్నాడు. తీవ్ర వైకల్యం ఉన్న పేదలకి ఇచ్చే పింఛన్‌లో కేంద్రం వాటా 2012 నుంచి నెలకి 300 రూపాయలే. మిగతాది రాష్ట్రాలు కలుపుకుంటున్నాయి. పేరు జన్నత్ దాకా వెళ్ళింది, పైసలు కదల్లేదు.

ఈ విద్య మన ఉర్దూవాళ్ళకి కొత్త కాదు లెండి. తోలు సంచీలో నీళ్ళు మోసేవాణ్ణి మనం ఏమన్నాం? బిహిష్తీ, అంటే జన్నత్‌వాసి. పాకీ పని చేసేవాణ్ణి మెహతర్ అన్నాం. ఫార్సీలో ఆ మాటకి పెద్దమనిషి అని అర్థం. చిత్రాల్‌ని ఏలిన పాలకుల బిరుదు కూడా అదే. దర్జీనీ, క్షౌరం చేసేవాణ్ణీ ఖలీఫా అన్నాం. ఎంత తహజీబ్! మరి ఆ మెహతర్‌ని దస్తర్ఖాన్ మీద పక్కన కూర్చోబెట్టుకున్నామా? లేదు గనకే కొన్నాళ్ళకి మెహతర్ అన్న మాటే గాలీ అయిపోయింది. ఇచ్చేవాడికి ఖర్చు లేని ఇజ్జత్ అది.

కానీ ఒక మనిషి తనంతట తానే వచ్చి, భాయ్, నన్ను ఈ పేరుతో పిలవద్దు, ఇలా పిలువు అంటే అది వేరే మామలా. నేను ఎప్పుడూ చూసుకునేది ఇదొక్కటే. మార్చమని అడిగిందెవరు? పైన కూర్చున్నవాళ్ళా, ఆ పేరు మోస్తున్నవాళ్ళా? గాంధీజీ హరిజన్ అన్నారు, అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ కుర్రాళ్ళు ఆ మాటని తమ సంస్థ పేరులోనే ఎత్తుకున్నారు. అది వాళ్ళు పెట్టుకున్న పేరు. అదే పేరు వాడకుండా ఉండాలని 2018 ఆగస్టులో కేంద్ర సమాచార శాఖ టీవీ ఛానెళ్ళకి సలహా పంపింది. హద్దు దాటడమంటే నా లెక్కలో అదీ. ఆ రోజు ఖాలూ జబాన్‌కి తాలా గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడినట్టు గుర్తులేదు.

ఇక పింజారీ సంగతి. అది తిట్టు కాదు, పని పేరు. దూది ఏకేవాడు. రెండు రాష్ట్రాల బీసీ-బి జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్ బాషా అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పని పేరుని తిట్టుగా మార్చింది మిగతా లోకమే కాదు, మనమూనూ. తెలుగువాళ్ళు 'పింజారీ వెధవ' అంటే అనొచ్చు, వాళ్ళలో చాలామందికి ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తెలియదు. మనకి తెలుసు. తెలిసే అంటాం. చెడ్డ లఖబ్‌లతో పిలుచుకోవద్దని సూరె హుజురాత్ 11వ ఆయత్‌లో హుకుం ఉంది. జుమా బయాన్లలో ఎన్నిసార్లు విన్నామో. విని, మస్జిద్ మెట్లు దిగుతూనే ఒకడు ఇంకొకణ్ణి అదే లఫ్జ్‌తో పలకరిస్తాడు.

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఏడో జమాత్‌లో ఒక దోస్త్ ఉండేవాడు. వాళ్ళ అబ్బా భుజాన దూదేకే విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగేవారు. ఆ నారి మోగితే టంగ్ టంగ్ అని వీధి చివరిదాకా వినిపించేది. వాడు క్లాసులోకి రాగానే మేమంతా నోటితో టంగ్ టంగ్ అనేవాళ్ళం. మొదలుపెట్టింది నేనే. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగు. 'ఖ' దగ్గరా 'ఖాఫ్' దగ్గరా వాడి తలఫ్ఫుజ్ తడబడితే ఉస్తాద్ కూడా నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. నొచ్చుకున్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఎనిమిదో తరగతికి తెలుగు మీడియంకి మారిపోయాడు.

తర్వాత డిగ్రీలో నేను తెలుగు తీసుకున్నాను. పద్యం చదువుతుంటే నా 'ళ' విని బెంచీలన్నీ ఘొల్లుమనేవి. 'సాయిబూ, నీకెందుకురా తెలుగు' అనేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. హాస్టల్ గదికొచ్చి తలుపేసుకుని ఆ పద్యాన్నే వంద సార్లు చదివేవాణ్ణి. విచిత్రమేమిటంటే, అప్పుడు కూడా నాకు వాడు గుర్తు రాలేదు.

రెండేళ్ళ కింద వాడే ఫోన్ చేశాడు. పేపర్లో నా పేరు చూసి నంబర్ సంపాదించాడట. ఆదోనిలో పరుపుల దుకాణం పెట్టుకున్నాడు. కూతురు బీఎడ్ చేసింది. ఒక రిశ్తా వచ్చింది, అబ్బాయి తరఫువాళ్ళు అమ్మాయిని చూసి పసంద్ చేశారు, వారం తిరక్కుండా వద్దన్నారు. ఆ అబ్బాయి వాళ్ళ అబ్బా నాకు పరిచయమని ఎవరో చెప్పారట. "నువ్వొక మాట మాట్లాడితే..." అన్నాడు.

మాట్లాడాను. ఆ పెద్దాయన జర్దా నములుతూ, "పింజారోళ్ళు కదా భాయ్, ఇంట్లో ఉర్దూ కూడా రాదు" అని నవ్వారు. కోపం లేదు, నఫ్రత్ లేదు. మా ఖాలూ కారులో అన్నంత తేలిగ్గా అన్నారు. ఆ తేలికతనమే ఆ అమ్మాయి రిశ్తాని తెంపింది. ఒక లఫ్జ్‌ని నలభై ఏళ్ళు మజాక్‌గా వాడుకుంటూ పోతే చివరికి అది ఒక కారణంలా పనిచేస్తుంది, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

జవాబు చెప్పడానికి నేను మళ్ళీ ఫోన్ చేస్తే వాడే ముందు అందుకుని, "ఖైర్, వదిలేయ్. నూర్ బాషా అని రాసుకుంటున్నాం ఇప్పుడు, అయినా కనుక్కుంటారు" అన్నాడు. పేరు మారిస్తే చాలదని వాడికి నాకంటే బాగా తెలుసు. అయినా మార్చుకున్నాడు. మారమని అడుగుతున్నాడు. ఆ అడిగినదాన్ని కూడా మనం ఇవ్వలేమా?

వలీమా నుంచి వచ్చిన రాత్రి మా అమ్మాయి అడిగింది, "అబ్బా, ఆప్ క్యోఁ చుప్ బైఠే?" అని. టంగ్ టంగ్ కథ చెప్పాను, మొదలుపెట్టిందెవరో కూడా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాఫీ మాంగే క్యా?" అంది.

లేదన్నాను.

వాడి నంబర్ నా ఫోన్లో ఉంది. ప్రతి ఈద్‌కి ముబారక్ పంపుతాడు, నేనూ పంపుతాను. ఇది చదవమని పంపితే సరిపోతుందేమో అని ఒక క్షణం అనిపించింది, కానీ అది పిరికిపని. ఈ ఆదివారం డ్యూటీ లేదు. ఆదోని బస్సు పొద్దున ఎన్నింటికో కనుక్కున్నాను.