హీరో జీపూ, మేనల్లుడి జీపూ

సినిమాలో హీరోగారి జీపు ఇసుకలో ఇరుక్కుంటే తోయడానికి పదిమంది జూనియర్ ఆర్టిస్టులుంటారు. పరిగిలో మా మేనల్లుడి బండిని ఎవరు తోస్తారండీ?

మొన్న వచ్చాడు. "మామా, థార్ తీసుకుంటుండా. నల్ల రంగు, లావు టైర్లు, పైన లైట్ల వరస. డబ్బు చాలకపోతే వెనక చక్రాలే లాగేది తీసుకుంటా" అన్నాడు. 2020లో వచ్చిన కొత్త థార్‌కి నాలుగు చక్రాలూ లాగేవి. ఈ చవక రకం 2023లో వచ్చింది. చూపుకి కవల పిల్లలే!

"మల్బరీ తోట ఎక్కడరా?"

"జయమంగళి అవతల."

"వానొస్తే?"

మాట్లాడలేదు.

వెనక చక్రాలు బురదలో ఊరికే తిరుగుతుంటే ముందు చక్రాలే ఒడ్డెక్కించాలి. లో గేరు వేస్తే వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. లైట్లు రేపైనా బిగించుకోవచ్చు, ముందు ఇరుసు అట్లా కాదు. తారురోడ్డు దిగనివాడికైతే వెనక చక్రాలు చాలు, ఆ మాటా చెప్పాను.

"మరి స్టైలో?" అన్నాడు దిగులుగా. మా అక్క గాజులు కుదవ పెట్టి తెచ్చే డబ్బది.

"పట్టుగూళ్లు తడవకుండా హిందూపురం చేరితే, అదేరా స్టైలు!"

నల్ల రంగు మాత్రం ఒప్పుకున్నాను. ఎంతైనా సినిమా పత్రికవాణ్ణి కదా!